బాక్సింగుకు రాసుకున్న ముచ్చలిక

బాన్సువాడ బజారులో, కిరాణా దుకాణంలో రంగుల టీవీ పెట్టిన మొట్టమొదటి మొనగాణ్ణి నేనే. తొంభైల చివర్లో సంగతి. టీవీ చూడ్డానికి జనం వస్తారు, వచ్చినవాళ్ళు నిలబడతారు, నిలబడితే ఆకలేస్తుంది, ఆకలేస్తే పుట్నాలో బిస్కెట్లో కొంటారు. ఇదీ నా తెలివి. ఆ తెలివి మీద నాకెంత నమ్మకమంటే, నిజామాబాదు పోయి టీవీ కొనేటప్పుడు గంటన్నర బేరమాడి స్టాండు ఉత్తపుణ్యానికి కొట్టుకొచ్చాను కూడా. మా నాయిన గల్లాపెట్టె మీద మోచెయ్యి ఆనించి ఆ స్టాండు వంక చాలాసేపు చూశాడు.

"టీవీ చూసేటోని కండ్లు పనిచేస్తయి గని చెయ్యి జేబులకు పోదురా," అన్నాడు.

జనం వచ్చారు. నిలబడ్డారు. ఆకలి ఒక్కటే రాలేదు. ఆ వచ్చినవాళ్ళలో అందరికంటే ముందు వచ్చి, అందరికంటే ఆఖరున లేచి, అందరికంటే తక్కువ కొన్న ఘనుడు ఒకాయన ఉండేవాడు. పోయిన నెల చనిపోయాడు. ఆయన కొడుకు పెద్దకర్మకు కావలసిన సామాన్ల చీటీ పట్టుకొని వస్తే తెలిసింది. చీటీలో పప్పు, నూనె, చింతపండు అని చదువుతూనే ఉన్నాను. చింతపండు దగ్గర రెండుసార్లు తప్పు తూచాను. తూకంలో నేను తప్పు చేయడం కొత్త కాదు. అయితే ఆ రోజు రెండుసార్లూ ఎక్కువ తూచాను.

ఆయన్ను బజారంతా "పటేలా" అని పిలిచేది. నేనూ అంతే. ఊరికి దగ్గర్లో ఒక పల్లె. నిజాంసాగర్ కాలువ కింద తాతలనాటి వరిచేన్లు, కాస్త చెరకు. సేద్యం చేసేది ఆయన తమ్ముడు. కష్టపడేది ఆయన భార్య. ఆయన పని తెల్లచొక్కా తొడుక్కుని మోపెడ్ మీద బాన్సువాడ రావడం, మా దుకాణం ముందు బెంచీ మీద కూర్చోవడం, బాక్సింగు గురించి చెప్పడం. చేయడం కాదు, చెప్పడం. జీవితంలో ఒక్కసారైనా ఎవరినైనా కొట్టినట్టు దాఖలా లేదు. "ఇంట్ల ఎల్కను కొట్టమంటె చీపురు నాకిచ్చి బయిటికి పోతడు," అని ఆయన భార్యే ఒకసారి మా దుకాణంలో నిలబడి చెప్పింది. ఆయన పక్కనే ఉన్నాడు. కోపం రాలేదు. "ఎల్కది వేరే వెయిటు," అన్నాడు.

ఈ విద్య ఆయనకు ఎక్కడ అబ్బిందంటే, చెప్పడానికి సిగ్గేస్తుంది, మా దుకాణంలోనే. అప్పట్లో ఇంకా పొట్లాలు కాగితంలోనే కట్టేవాళ్ళం. ఊళ్ళోని ఆఫీసర్లు, డాక్టర్లు చదివి పడేసిన ఇంగ్లీషు పత్రికలు కిలోల లెక్కన కొని, నడిమికి రెండుగా చింపి, మూలన కుప్ప పోసేవాళ్ళం. ఇంగ్లీషు కాగితం దిట్టంగా ఉంటుంది, మిరపకాయ పొడవదు. ఆయన వచ్చి ఆ కుప్పలో చెయ్యి పెట్టి కలియబెట్టి, బాక్సింగు బొమ్మ ఉన్న ముక్కల్ని ఏరుకునేవాడు. అవన్నీ సగం ముక్కలే. పైసగం దొరికితే కిందిసగం అప్పటికే ఎవరి ఇంటికో ధనియాలతో పోయి ఉండేది. అంచేత ఆయనకు తెలిసిన ప్రతి పోటీకి మొదలుంటే చివర లేదు, చివరుంటే మొదలు లేదు. లేని సగాన్ని ఆయనే పూరించేవాడు. ఎంత ధీమాగా పూరించేవాడంటే, అతుకు ఎక్కడుందో ఎవరికీ కనపడేది కాదు.

"పటేలా, గింత ఇంగ్లీషు నీకెట్ల సమజైతది?" అని ఎవరన్నా అడిగితే, "దెబ్బకు భాషేంది?" అనేవాడు.

పేర్ల పేచీ కూడా ఉండేది కాదు. ఆ బాక్సర్ల పేర్లు మా నోళ్ళలో పడి ముక్కలైపోయేవి కాబట్టి ఆయన ఇద్దరినే మిగిల్చాడు. మా నాయినల కాలంలో కొట్టినవాడు పాతోడు. మా టీవీలో కొడుతున్నవాడు కొత్తోడు. ఇక రోజూ ఒకటే తగువు. కొత్తోడు ఎన్ని పోటీలు ఆడాడో అన్నీ గెలిచాడు. ఒక్కసారి కూడా కిందపడలేదు. అతణ్ణి పాతవాళ్ళ సరసన నిలబెట్టవచ్చా, లేదా?

నాకు అందులో అనుమానమే లేదు. ఏనాడూ నష్టం చూడని దుకాణం కంటే గొప్ప దుకాణం ఉంటుందా? ఆయన మాత్రం తల అడ్డంగా ఊపేవాడు. పుట్నాల డబ్బాలోకి చెయ్యి పోనిచ్చి, గుప్పెడు తీసి, ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ చెప్పేవాడు.

"పడనోని లెక్క మనకు తెల్వది శేటూ. పడ్డంక చూడాలె. ఎద్దును కొనేటప్పుడు నిలబడ్డప్పుడు చూస్తరా? పండుకోబెట్టి, ఎట్ల లేస్తదో చూస్తరు. పాతోడు పడ్డడు. పది లెక్కవెట్టెదాక లేవకుంటె ఓడినట్టే. తొమ్మిది లెక్కవెట్టినంక లేచిండు. లేచి కొట్టిండు. గందుకే గొప్పోడు."

"కొత్తోడు పడకపోవుడే తప్పా మరి?"

"తప్పు కాదు. ఇంక పరీక్ష కాలేదంటున్న."

ఈ మాట అంటూ లేచి, బెల్లం బుట్ట ముందు నిలబడి, పాతోడు పడినట్టు ఒక మోకాలు వంచి, తొమ్మిది అంకెలూ లెక్కపెట్టి, చొక్కా దులుపుకుని పైకి లేచేవాడు. వారానికి రెండుసార్లు. బెల్లం కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు పక్కకు జరిగి నిలబడి, ఆ తొమ్మిదీ అయ్యేదాకా చూసి, ఏం కొనాలో మరిచి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆయన శాస్త్రం ఆయనకు ఎంత ఉపయోగపడిందో కూడా చెప్పాలి. ఒక యాసంగి పంటకు కాలువ నీళ్ళ వంతు ఆయన చేనుకు ఆదివారం పొద్దున పడింది. ఆదివారం పొద్దున టీవీలో బాక్సింగు. ఆయన బెంచీ మీదున్నాడు. నీళ్ళు పక్క చేనాయనకు పోయాయి. మధ్యాహ్నం ఈయన పోయి, న్యాయం అడిగాడు. పక్క చేనాయన చదువూ సంధ్యా లేని మోటుమనిషి, మాటకు ముందే చెయ్యి లేస్తుంది. మనవాడు రెండు పిడికిళ్ళూ మొహానికి అడ్డం పెట్టి, ఎడమకాలు ముందుకు వేసి, పత్రికలో బొమ్మలాగా నిలబడ్డాడట. అవతలాయన ఆ రెండు పిడికిళ్ళ నడుమ నుంచే తెరిచిన చేత్తో ఒక్కటి ఇచ్చాడు. మనవాడు మడిలో వెల్లకిలా పడ్డాడు.

ఇంతవరకు నవ్వుకోవడానికే. ఆ తర్వాతిది ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. చూసినవాళ్ళు చెప్పారు కాబట్టి నమ్ముతున్నాను. పడ్డ మనిషి పడ్డట్టే ఉండి, పైకి వినపడేట్టు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. ఎనిమిదిదాకా కదల్లేదు. కొట్టినవాడికే భయమేసి, "పటేలా, దెబ్బ గట్టిగ తాకిందా?" అని వంగి చూశాడు. తొమ్మిదికి లేచి, బురద బట్టలతోనే మోపెడ్ ఎక్కి, సాయంత్రానికి మా దుకాణం ముందు దిగాడు. చెంప మీద వేళ్ళన్నీ అచ్చుపడి ఉన్నాయి.

"పడంగనే లేవద్దు శేటూ. గది పోరగాండ్ల పని. దమ్ము తీసుకోవాలె," అన్నాడు.

"లేచినంక నువ్వేం చేసినవ్?"

"ఇగ మోపెడ్ స్టార్ట్ చేసిన."

ఇలాంటి మనిషి నోట్లోంచి గొప్పతనం గురించి రోజూ వినవలసి రావడం ఎంత హీనమో ఆలోచించండి. పైగా మా ట్రాక్టర్ల కుర్రాళ్ళు, హమాలీలు, టీకొట్టాయన, అందరూ ఆయన మాట వినేవాళ్ళు. నేను నష్టం లేని దుకాణం పోలిక ఎంత అందంగా చెప్పినా "పటేలేమంటడు?" అని అటు తిరిగేవాళ్ళు. టీవీ నాది. కరెంటు నాది. పుట్నాలు నావి. తీర్పు మాత్రం ఆయనది. అదీ సగం కాగితాల మీద. ఆ కాగితాలూ నావే.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత ఒకరోజు నేను ఆయన్ను ఇరికించాను. మా వైపు భూమి తగువులకూ, అన్నదమ్ముల పంపకాలకూ ముందు ముచ్చలిక రాసుకుంటారు. ఎవరి పంతం ఏమిటో, ఓడినవాడు ఏం వదులుకుంటాడో కాగితం మీద పెట్టి, ఇద్దరూ సంతకం చేసి, పెద్దమనిషి చేతికిస్తారు. ఇక ఆయన తీర్పు దాటడానికి లేదు. గట్టు జరిగిందనో, బర్రె చేను మేసిందనో రాసుకునే ముచ్చలికను బాక్సింగు మీద రాయించాలన్న ఆలోచన ప్రపంచంలో ఇంకెవడికీ వచ్చి ఉండదు. నాకు వచ్చింది. ఆయన ఒప్పుకున్నాడు. ఇద్దరిలో ఎవరు పెద్ద వెధవ అన్నది ఇంకో ముచ్చలికకు సరిపోయే సంగతి.

బేరం మాత్రం నికార్సుగా జరిగింది.

"నువ్వు ఓడిపోతె బెంచీ దిక్కు రావొద్దు," అన్నాను.

"వస్త. కూసుంట. టీవీ చూస్త. నీకు కావల్సింది నా ముడ్డి కాదు, నా నోరు. అది అడుగు."

"సరె. ఓడితె బతికినన్ని దినాలు బాక్సింగు ముచ్చట నోట్లెకెళ్లి రావొద్దు. ఈడనే కాదు, ఏడ గూడ."

"మరి నువ్వు ఓడితె?"

"ఏం గావాలె?"

ఆయన టీవీ వైపు చూశాడు. "గది మా ఇంటికి."

"టీవీ ఇస్త. స్టాండు ఇయ్య."

"స్టాండుతోనే."

"స్టాండు నాకు ఉత్తగ వచ్చింది పటేలా, దానికి ధర కట్టలేను."

"ఉత్తగ వచ్చింది ఉత్తగ పోతది. స్టాండుతోనే."

మా నాయిన గల్లా దగ్గర్నుంచి తల ఎత్తకుండానే, "ఇయ్యిరా, పీడ పోతది," అన్నాడు. ఏ పీడ అన్నది చెప్పలేదు.

పెద్దమనిషిగా రిటైరైన హెడ్మాస్టరు గారిని పెట్టుకున్నాం. ఇంగ్లీషు వచ్చు, నవ్వు రాదు, కాబట్టి పనికొస్తారు. ఆయన ముచ్చలిక చదివి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, "తగువు ఏందో నాకు ఒక్క ముక్కల చెప్పాలె. చచ్చినోనితోని బతికినోన్ని కొట్టిపియ్యలేం గద," అన్నారు. నేను మంచి మర్యాదస్థుడిలాగా పటేలు మాటనే ముందుకు తోశాను. పాతోడు కిందపడి, లేచి, గెలిచినట్టు పటేలు రుజువు చూపిస్తే ఆయన శాస్త్రం నిజమని ఒప్పుకుంటాను, కొత్తోడికి ఇంకా పరీక్ష కాలేదనీ ఒప్పుకుంటాను. చూపించలేకపోతే కొత్తోడే గొప్పోడు, నేను గెలిచినట్టు. పటేలు మొహం వెలిగిపోయింది. పాతోడి పోటీ రాసిన పత్రిక కాగితం ఆయన దగ్గర భద్రంగా ఉంది. వచ్చే శుక్రవారం అన్నారు హెడ్మాస్టరు గారు.

ఆ కాగితం పైసగమే అని నాకు తెలుసు. చింపింది మా నాయిన. పాతోడి బొమ్మ నడుము దాకే ఉంటుందందులో. పటేలు దాన్ని ఎన్నిసార్లు తీసి చూపించాడో, కళ్ళు మూసుకున్నా ఆ నడుము కనిపిస్తుంది నాకు. అందుకే అంత మర్యాద చేశాను.

ఇప్పుడు ఎవరికీ చెప్పని సంగతి చెబుతున్నాను. ఆ వారంలోనే ఒక డాక్టరు గారు బదిలీ అయిపోతూ ఏళ్ళ తరబడి పేర్చుకున్న పత్రికలన్నీ మాకు అమ్మాడు. సోమవారం పొద్దున కట్టలు విప్పి చింపుతున్నాను. చేతిలో పాతోడు నిలబడ్డాడు. నడుము కింద కాళ్ళు కూడా ఉన్నాయి. అదే పత్రిక ఇంకో ప్రతిలో అదే పుట, నిండు పుట. నా ఇంగ్లీషు పదో తరగతిది. అయినా కూర్చుని వేలు పెట్టి చదివాను. సగానికి సగం అర్థం కాలేదు. కావలసినంత అయింది. పడ్డాడు. తొమ్మిది లెక్కపెట్టాక లేచాడు. లేచి గెలిచాడు.

నాకు ముందు వచ్చింది కోపం. గెలిచాడన్నందుకు కాదు. తొమ్మిది అన్నందుకు. ఆ మనిషి కిందిసగం చూడనే లేదు. చూడకుండా, నోటికి వచ్చినట్టు ఏళ్ళుగా తొమ్మిది తొమ్మిది అని చెబుతున్నాడు. అది నిజం ఎట్లా అవుతుంది? ఒక అబద్ధాలకోరుకు అంకె కూడా సరిగ్గా కలిసొస్తే, కష్టపడి లెక్కలు నేర్చుకున్న మాలాంటివాళ్ళు ఏం కావాలి?

పుటను నడిమికి చింపాను. ఒక సగంలో ఎండుమిర్చి, ఇంకో సగంలో ధనియాలు కట్టాను. లంబాడీ తండా నుంచి వచ్చిన ఇద్దరు అక్కలు వాటిని కొనుక్కుని, వాళ్ళ గోర్ మాటల్లో ఏదో నవ్వుకుంటూ బస్సు ఎక్కారు. వాళ్ళ దగ్గర ఆ రోజు బేరం కూడా చేయలేదు. అడిగిన ధరకే ఇచ్చాను.

శుక్రవారం దుకాణం ముందు జనం నిండారు. పటేలు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం తీసి, రెండు చేతులతో హెడ్మాస్టరు గారికి ఇచ్చాడు. ఆయన గట్టిగా చదువుతూ తెలుగు చెప్పుకుంటూ పోయారు. ఎడమచేతి దెబ్బ తాకింది. మోకాళ్ళు వంగినయి. కింద పడ్డడు. రెఫరీ లెక్క మొదలుపెట్టిండు.

అక్కడ ఆగిపోయారు. "తర్వాత?"

"తర్వాత లేచిండు సారూ."

"ఏడ రాసుంది?"

పటేలు వంగి చూశాడు. కాగితం తిప్పారు. వెనక ప్రెషర్ కుక్కరు ప్రకటన ఉంది. మళ్ళీ తిప్పారు.

"తొమ్మిదికి లేచిండు సారూ. కింది సగంల ఉంటది."

"కింది సగమేది?"

అప్పుడు అందరూ నా వైపు చూశారు, కాగితం మా దుకాణంది కాబట్టి. పటేలు కూడా చూశాడు. వేడుకోలు కాదు. ఇంట్లో మనిషిని "జర గది అందియ్యి" అని అడిగినట్టు చూశాడు.

"పొట్లం గట్టిన కాగితం ఏడికి పోయిందో దుకాణపోడు ఎట్ల చెప్తడు సారూ?" అన్నాను.

జనం నవ్వారు. ఆ నవ్వు నాకు చాలా ఇష్టమైంది.

"ఇన్నేండ్లు చూడకనే చెప్పినవా పటేలా?" అని అడిగారు హెడ్మాస్టరు గారు. బడిలో కాపీ కొట్టినవాణ్ణి అడిగినట్టే అడిగారు.

"లేవకుంటె వాని గురించి గంత పెద్ద కాగితం ఎందుకు రాస్తరు సారూ?" అన్నాడు పటేలు.

రుజువు కింద అది చెల్లలేదు. ముచ్చలిక మీద తీర్పు రాశారు. పటేలు కాగితం మడిచి కవర్లో పెట్టుకున్నాడు. బెంచీ మీద కూర్చున్నాడు. నోరు మూశాడు.

వారం కూడా ఆగడనుకున్నాను. మా బజారులో ఒట్టు పెట్టుకుని మానేసిన బీడీలు, మానేసిన కల్లు, మానేసిన పేకాట ఎన్ని చూడలేదు! నెల గడిచింది. ఏడాది గడిచింది. ఆదివారం పొద్దున వచ్చేవాడు, టీవీ చూసేవాడు. వానల గురించి మాట్లాడేవాడు. యూరియా దొరకడం లేదనేవాడు. చెరకు ఫ్యాక్టరీ వాళ్ళను తిట్టేవాడు. బాక్సింగు మాట వస్తే పళ్ళ మధ్య ఇరుక్కున్న పుట్నాల పొట్టును నాలుకతో వెతుక్కునేవాడు. కుర్రాళ్ళు "పటేలా, గా దెబ్బ ఎట్లుంది?" అని గిల్లేవాళ్ళు. "కూర మంచిగైంది ఇయ్యాల మా ఇంట్ల," అనేవాడు. భార్యతో కూడా మాట్లాడలేదని ఆమే చెప్పింది. "ఏం చేసినవు శేటూ, మా ఇంట్ల సప్పుడే లేదు," అంది. ఇన్నేళ్ళు ఆమె కోరుకున్నది అదే అనుకున్నాను. ఆమె మొహం చూస్తే అలా లేదు.

నాకు ఒళ్ళు మండింది. పనికిరాని మనిషి అని రుజువు చేసిన తర్వాత కూడా వాడు మాట మీద నిలబడితే మనం ఏం చేయాలి? అవతల జనం కూడా పలచబడ్డారు. నా నష్టం లేని దుకాణం పోలిక వినడానికి ఎవరూ మిగల్లేదు. వాదించేవాడు లేకపోతే గెలిచిన పంతానికి తౌడు ధర కూడా రాదని అప్పుడే తెలిసింది.

మూడు నాలుగేళ్ళ తర్వాత ఒక ఆదివారం కొత్తోడు పడ్డాడు.

మా టీవీలోనే పడ్డాడు. ఎవరో ఊరూ పేరూ లేనివాడి చేతిలో, చెవి కింద ఒక్క దెబ్బ. దుకాణమంతా "అరె!" అని లేచింది. నేను చేతిలో చక్కెర గరిటెతో అలాగే ఉండిపోయాను. నేను కొత్తోణ్ణి చూడలేదు. పటేలును చూశాను. బెంచీ అంచుకు జరిగి కూర్చుని ఉన్నాడు. మోకాలి మీద చెయ్యి. ఆ చేతి వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. అయిదు అయిపోయాక రెండో చెయ్యి. రెండో చేతిలో చిటికెన వేలు ఒక్కటే ముడుచుకుని ఉండగా కొత్తోడు లేచాడు. ఊగుతూ లేచాడు. ఇంకో రెండు రౌండ్లు తన్నులు తిని, ఆ తర్వాత అవతలివాణ్ణి కొట్టి పడేశాడు.

ట్రాక్టరు కుర్రాడు ఒకడు ఎగిరి గెంతాడు. "పటేలా! పడ్డడు, లేచిండు, గెలిచిండు! పరీక్ష అయిపాయె! ఇప్పుడన్న చెప్పు, గొప్పోడా కాదా? పాతోళ్ళ పక్కకు పెట్టొచ్చా?"

అందరూ తిరిగారు. పటేలు తల అడ్డంగా ఊపాడు. గొప్పోడు కాదని కాదు, చెప్పనని.

నాకు తెలుసుకోవాలనిపించింది. ఇదేం రోగమో నాకు తెలియదు. పుట్నాలు మెక్కే సోమరి, చెంపదెబ్బకు మడిలో పడ్డ పహిల్వాను, సగం కాగితాల పండితుడు, వాడి అభిప్రాయం నాకెందుకు? అయినా కావాలి. ఆ బజారులో వేరే ఎవరి దగ్గరా ఆ సరుకు లేదు.

"పటేలా, ముచ్చలిక నేను చింపేస్త. నేనే మాఫీ చేస్తున్న. చెప్పు," అన్నాను.

"నువ్వు చింపితె నా సంతకం చినుగుతదా శేటూ?"

"మరి ఎట్ల?"

ఆయన నా మొహంలోకి చూశాడు. ఆయనకు తెలుసో లేదో నేను ఈ రోజుదాకా చెప్పలేను. గొంతు మామూలుగానే ఉంది.

"ఓడినోడు మాట్లాడొద్దని రాసుకున్నం. నేను ఓడిన. 'నువ్వు ఓడలేదు పటేలా' అని ఎవడన్న అంటె, ఇప్పుడే మాట్లాడుత."

దుకాణంలో ఉన్నవాళ్ళెవరూ ఆ కింది సగం చూడలేదు. చూసింది నేనొక్కణ్ణే. నా చేతిలో చక్కెర గరిటె ఉంది. ఎదురుగా ఒక ముసలామె పావుకిలో చక్కెర కోసం నిలబడి ఉంది.

"ఏం గావాలె అవ్వా?" అన్నాను.

ఆయన కాసేపు కూర్చుని, మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూడా వచ్చేవాడు. వానలు, యూరియా, చెరకు. నాలుగేళ్ళు అలాగే.

కొడుక్కి సామానంతా కట్టి ఇచ్చాక, "మీ నాయిన గా కొత్తోని గురించి ఇంట్ల ఏమన్న అన్నడా ఎప్పుడన్న?" అని అడిగాను. "ఏ కొత్తోడు శేటూ?" అన్నాడు ఆ పిల్లవాడు. ముచ్చలిక నాటికి ఊహ తెలియని పిల్లవాడు, వాడికి బాక్సింగు సంగతే తెలియదు.

కాబట్టి లెక్క ఇది. టీవీ నాకే మిగిలింది. స్టాండు కూడా. బెంచీ మీద ఎవరైనా కూర్చోవచ్చు. కొత్తోడు గొప్పోడా కాదా అన్నది నేను ఎవర్ని అడిగినా చెబుతారు, ఎవరు చెప్పినా నాకు ఆనదు. ఆనే జవాబు ఆ ఆదివారం ఎదురుగా బెంచీ మీద ఉంది, ధర కూడా ఆయనే చెప్పాడు. మూడు మాటలు. అంతకంటే చౌకగా నాకు ఈ బజారులో ఎవడూ ఏదీ ఇవ్వజూపలేదు. ఇచ్చుకోవడానికి నా దగ్గర ఆ మూడు మాటలూ ఉన్నాయి, అవి ఖర్చుపెట్టడానికి నాకే చెయ్యి రాలేదు.